మెంబ్రేన్‌కి డబ్బులెవరిస్తారు? కనిగిరి వైపు ఒక ఊళ్ళో మేం రెండుసార్లు పెట్టిన నీళ్ళ ప్లాంటు

మాది చిన్న ట్రస్టు. పూర్తిగా ఇదే పనిలో ఉండేది నలుగురం, మిగతావాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాలు వస్తారు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో తాగునీళ్ళు, మరుగుదొడ్ల పని మాది. ఈ మధ్య కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఫోన్ చేసి "అక్కా, ఆర్వో ప్లాంటుకి ఫండ్స్ ఎట్టా తెచ్చారు" అని అడుగుతున్నారు, ఫోన్లో సగమే చెప్పగలుగుతున్నా, అందుకని ఒకే ఊళ్ళో మేం రెండుసార్లు చేసిన పని మొత్తం రాస్తున్నా. మెంబ్రేన్, అంటే నీళ్ళలోని ఉప్పుల్ని, ఫ్లోరైడ్‌ని ఆపే పొర, అది మార్చడానికి డబ్బుల్లేక మొదటిది మూతపడింది, రెండోది నడుస్తోంది. ఊరి పేరు రాయట్లేదు, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ముందు నీళ్ళ సంగతి. ఈ నేలకి ఫ్లోరైడ్ కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, అది కూడా అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ అప్పుడు ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా 1970లో కదా వచ్చింది. అంటే మా తాతల కాలం నుంచి తెలిసిన జబ్బు. కింద రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది, పాత బావులు ఎండిపోయి బోర్లు లోతుకి పోయేకొద్దీ ఎక్కువైంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్ళ దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు అని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క. ఈ ఊళ్ళో బోర్లకి మేం టెస్టు చేస్తే 3 పైనే వచ్చింది, ఒక బోరులో 4 దగ్గర. కాచి తాగితే పోతుంది అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, పోదు, నీళ్ళు ఆవిరైపోయి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ఇంకో మాట, ఇది డోనర్లకీ చెప్పాలి, ఊళ్ళో వాళ్ళకీ చెప్పాలి. పెన్నులా ఉండే టీడీఎస్ మీటర్ పెట్టి చూసి "నీళ్ళు బాగున్నాయి" అనే అలవాటు అందరికీ వచ్చేసింది. ఆ మీటర్ నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలీదు. ఫ్లోరైడ్‌కి వేరే కిట్ ఉంటుంది, చిన్న సీసాలో నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగులో ఉంటే మంచివి, పసుపుకి తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ. సరైన అంకె కావాలంటే ల్యాబుకి పంపాల్సిందే. మొదటిసారి మేమే ఏడాది పాటు టీడీఎస్ మీటర్ ఫోటోలు పంపి డోనర్లకి ధైర్యం చెప్పాం, ఆ ఏడాదిలో ఫ్లోరైడ్ ఎంతుందో మాకే తెలీదు. అది తప్పు.

మొదటిసారి, 2017

గంటకి 500 లీటర్లు తీసే ప్లాంటు, షెడ్డు, ట్యాంకులు కలిపి నాలుగున్నర లక్షలు అయింది. ఆ డబ్బులు రెండు నెలల్లో వచ్చాయి. ఎలా వచ్చాయంటే ఫోటోలతో. నడుం వంగిపోయిన పెద్దాయన ఒకరు, పళ్ళ మీద గోధుమ రంగు చారలున్న ఒక అమ్మాయి, అప్పుడు ఏడో తరగతి. ఆ అమ్మాయిని నవ్వమని నేనే చెప్పా, నేనే తీశా. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడెక్కడికో పోయింది, అమెరికా దాకా పోయింది, డబ్బులొచ్చాయి. ఓపెనింగ్ రోజు రిబ్బన్, శిలాఫలకం, టెంటు, భోజనాలు. ఊరందరికీ మైకులో చెప్పేశారు, ఇరవై లీటర్ల క్యాను 2 రూపాయలే అని. మాకూ సంతోషంగానే అనిపించింది, పేదవాళ్ళు కదా, తక్కువకి ఇవ్వాలి కదా అనుకున్నాం.

లెక్క చూడండి. రోజుకి 120 క్యాన్లు, 240 రూపాయలు, నెలకి 7,200. ప్లాంటు నడిపే అబ్బాయికి 4,000. కరెంటు 2,800 చిల్లర. మిగిలింది 400 లోపు. అందులోనే క్యాట్రిడ్జ్ ఫిల్టర్లు మార్చాలి, పైపుల్లో ఉప్పు పేరుకోకుండా పోసే మందు కొనాలి, అంటే ప్రతి నెలా లోటే. మెంబ్రేన్లు రెండు, మన నీళ్ళకి రెండు మూడేళ్ళకి మించి రావు, మందు సరిగ్గా పోయకపోతే ఏడాదికే పోతాయి. అవే పోయాయి. పదిహేనో నెలలో నీళ్ళు చుక్కలు చుక్కలుగా వచ్చి ఆగిపోయింది.

అప్పుడు నేను మళ్ళీ అదే డోనర్లకి ఫోన్లు చేశా. రెండు మెంబ్రేన్లకి ముప్పై వేలు కావాలి అంతే, నాలుగున్నర లక్షలు ఇచ్చినవాళ్ళకి ముప్పై వేలు ఎంత అనుకున్నా. ఒక్కరూ ఇవ్వలేదు. వాళ్ళని తప్పుపట్టను, ఎందుకంటే "పని పూర్తయింది" అని ఓపెనింగ్ ఫోటోతో సహా మెసేజ్ పెట్టింది మేమే. ఒకాయన అడిగారు, "మొన్నేగా కట్టారు, అప్పుడే పాడైందా, డబ్బులేం చేశారు" అని. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

షెడ్డుకి తాళం పడింది. జనం మళ్ళీ బోరు నీళ్ళకి, కొనగలిగిన వాళ్ళు ప్రైవేట్ ప్లాంటు ఆటోలో వచ్చే 15 రూపాయల క్యానుకి.

ఆ తర్వాతి ఏడాది ఒకసారి ఆ ఊరికి వెళ్తే ఫోటోలో అమ్మాయి వాళ్ళమ్మ నన్ను ఇంట్లోకి పిలిచింది. టీ ఇచ్చింది, కూర్చోబెట్టింది, చాలాసేపు వేరే మాటలే మాట్లాడింది. చివర్లో "అమ్మాయ్, ఆ ఫోటో ఇంకా ఫోన్లలో తిరగతా ఉండాది. బడిలో పిల్లలు ఎక్కిరిస్తన్నారు. రేపు సంబంధాలొచ్చినప్పుడు ఎట్టా? తీసేయించమ్మా" అంది. ఆ అమ్మాయి వాకిట్లో గిన్నెలు కడుగుతోంది, నన్ను చూసి నవ్వబోయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. మా పేజీలో ఆ రోజే తీసేశా. కానీ షేర్ అయినవి ఎక్కడని తీస్తాం. ఊరి పేరు రాయకపోవడానికి కారణం ఇదే. అప్పటి నుంచి మా ట్రస్టులో ఎవరి మొహం, ఎవరి పళ్ళు, ఎవరి కాళ్ళు ఫండ్స్ కోసం వాడం. డబ్బులు తగ్గినా సరే వాడం.

రెండోసారికి ముందు రెండేళ్ళు

మళ్ళీ మొదలుపెట్టే ముందు ఇల్లిల్లూ తిరిగాం, అసలు ఎవరు నీళ్ళు పట్టుకెళ్ళారు, ఎవరు పట్టుకెళ్ళలేదు అని. అప్పుడు బయటపడిన సంగతి మమ్మల్ని ఇంకా కుంగదీసింది. ఎస్సీ కాలనీ నుంచి చాలా తక్కువమంది వచ్చేవాళ్ళు. ప్లాంటు పెట్టింది ఊరి నడిమధ్య, గుడి పక్కన, స్థలం ఫ్రీగా ఇచ్చారని. కాలనీ నుంచి అక్కడికి దూరం ఒకటైతే, వెళ్తే వెనక నిలబడాలి, పక్కవాళ్ళ క్యాను తగలకూడదు. ఎవరూ గట్టిగా గొడవపడలేదు, రావడం మానేశారంతే. మా రిపోర్టులో "ఊళ్ళో అన్ని కుటుంబాలకీ" అని రాసి ఉంది. ఫ్రీ స్థలం అనగానే ఎగిరి ఒప్పుకోకండి, ఆ స్థలంలోకి ఎవరు ధైర్యంగా వస్తారో ముందు చూడండి.

అందుకే రెండోసారి ప్లాంటు స్కూలు కాంపౌండు గోడ పక్కకి మార్చాం. ఊరికీ కాలనీకీ మధ్యలో ఉంటుంది, పంచాయితీ స్థలం. కమిటీలో ఏడుగురు, ఐదుగురు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు కాలనీ నుంచి. బ్యాంకు ఖాతా కమిటీ పేరు మీద, ముగ్గురు ఆడవాళ్ళ సంతకాల్లో ఏ ఇద్దరివైనా ఉండాలి. సర్పంచ్ గారికి మొదట నచ్చలేదు, "నేనుండగా ఇదేంది మేడం" అన్నారు, రెండు మీటింగులు పట్టింది ఒప్పుకోడానికి.

ఇది మేం కనిపెట్టిన పద్ధతేం కాదు. వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో బాల వికాస అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళతో కలిసి ఊరివాళ్ళే కమిటీలు పెట్టుకుని నీళ్ళు నడుపుకుంటున్న సంగతి అందరికీ తెలుసు. ఇంటింటికీ కొళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో కూడా ఊళ్ళో జరిగే పనికి అయ్యే ఖర్చులో 10 శాతం ఊరివాళ్ళది అని, ఎస్సీ ఎస్టీలు ఎక్కువగా ఉన్న ఊళ్ళకీ కొండ ప్రాంతాలకీ 5 శాతం అని పెట్టారు, డబ్బుగానో పనిగానో ఇవ్వొచ్చు. ఊరి చెయ్యి పడాలి అనేదే దానర్థం.

ఊరి వాటా ఎక్కడి నుంచి వచ్చింది

ఇంటికి 500 అడిగాం. మూడు నెలలు పట్టింది, సగం ఇళ్ళే ఇచ్చాయి. "ముందు పెట్టిందే మూలన పడింది, మళ్ళా ఏంది" అన్నారు, న్యాయమైన మాటే. అప్పుడు పని నడిపించింది బేల్దారి వాళ్ళు, అంటే తాపీ పనివాళ్ళు. కనిగిరి వైపు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ వానలు నమ్ముకోలేక తరాలుగా బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పోతారు, ఎక్కడ అపార్ట్‌మెంట్ లేస్తున్నా మనవాళ్ళ మేస్త్రీ ఒకరుంటారు. 2022 సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక మేస్త్రీ పాత షెడ్డు చూసి "ఇదేం కట్టుబడి, గోడకి చెమ్మ ఎక్కతా ఉంది" అన్నాడు, మరుసటి రోజే తొమ్మిదిమంది తాపీలు పట్టుకుని వచ్చారు. పండగ మూడు రోజులు పోను ఐదు రోజులుండి కొత్త షెడ్డు గోడలు లేపేసి వెళ్ళారు. ఒక్క రూపాయి కూలీ తీసుకోలేదు. ఊరి వాటాలో పెద్ద భాగం అదే అయింది. ఆ గోడ మీద ఎవరి పేరూ లేదు, శిలాఫలకం వద్దన్నది కూడా వాళ్ళే.

ఆ తర్వాత మిగతా ఇళ్ళు కూడా ఇచ్చాయి.

బయటి డబ్బు

కంపెనీలతో మొదట ప్రయత్నించాం. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి (సమాజం కోసం చేసే పనులకి) పెట్టాలి, తాగునీళ్ళు, పారిశుధ్యం ఆ జాబితాలో ఉన్నాయి, 2021 ఏప్రిల్ నుంచి మనలాంటి ట్రస్టులు సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబర్ తెచ్చుకోవాలి. అన్నీ చేశాం. ఒక కంపెనీ వాళ్ళు ప్లాంటు మొత్తం ఇస్తామన్నారు, కానీ మార్చి 31 లోపల ఓపెనింగ్ అయిపోవాలి, షెడ్డు మూడు వైపులా లోగో ఉండాలి, నడిపే ఖర్చుకి, నీళ్ళ టెస్టులకి ఒక్క పైసా ఇవ్వం అన్నారు. వద్దని చెప్పడానికి మాలో మాకే పెద్ద వాదన అయింది. చివరికి వద్దన్నాం. ఇప్పుడు ఎవరైనా సీఎస్ఆర్‌కి వెళ్తే నేను చెప్పేది ఒకటే, "ఆన్‌గోయింగ్ ప్రాజెక్ట్" కింద పెట్టమని అడగండి, మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ దాకా ఖర్చు చేయడానికి రూల్స్‌లోనే దారి ఉంది. మార్చి తొందర చాలావరకు అలవాటు మాత్రమే.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ దగ్గర జాగ్రత్త. మాకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, లేదు, చిన్న ట్రస్టులకి చాలామందికి ఉండదు. డాలస్ నుంచి ఊరి అబ్బాయి ఒకరు లక్ష పంపారు, తీరా అడిగితే ఆయనకి అమెరికా పౌరసత్వం వచ్చేసింది. అలాంటప్పుడు అది విదేశీ విరాళం కిందికే వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా, డబ్బు ఇండియా ఖాతా నుంచి వచ్చినా అంతే. తిరిగి పంపేశాం. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. కాబట్టి డబ్బు తీసుకునే ముందే పాస్‌పోర్ట్ ఏ దేశానిది అని మొహమాటం లేకుండా అడగండి, తర్వాత నోటీసు వస్తే మూతపడేది మీ ట్రస్టు.

80జీ, అంటే విరాళం మీద ఇచ్చేవాళ్ళకి వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు, దాని గురించి కూడా ఒక మాట. ఇదివరకు మార్చి వచ్చిందంటే ట్యాక్స్ రసీదు కోసమైనా ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు జీతగాళ్ళు చాలామంది కొత్త ట్యాక్స్ పద్ధతికి మారిపోయారు, అందులో 80జీ మినహాయింపు లేదు. కాబట్టి ఆ మాట మీద కట్టిన క్యాంపెయిన్ ఇంక నిలబడదు. పాత పద్ధతిలో ఉన్నవాళ్ళకి మాత్రం మనం విరాళాల లెక్క ట్యాక్స్ శాఖకి ఫైల్ చేసి విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి, 2,000 దాటి క్యాష్ ఇస్తే వాళ్ళకి మినహాయింపు రాదు, అవి ముందే చెప్పేయాలి.

చివరికి మాకు పనికొచ్చింది చిన్న డబ్బు. ఊరి స్కూల్లో పదో తరగతి చదివి బయటికి పోయిన వాళ్ళ బ్యాచ్ గ్రూపులు పట్టుకున్నాం, ఒక్కో బ్యాచ్‌కి ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది కదా. ఒకేసారి ఐదువేలు కాదు, నెలకి 200 యూపీఐ ఆటోపేలో పెట్టండి, మూడేళ్ళు పెట్టండి అని అడిగాం. మిషన్ల ఖర్చు కొన్ని బ్యాచ్‌లు, మా పాత దాతలు ఇద్దరు కలిసి పెట్టారు. నెలనెలా వచ్చే డబ్బు మాత్రం నీళ్ళ టెస్టులకి, ఒంటరి ముసలివాళ్ళ ఫ్రీ క్యాన్లకి, మోటారు కాలడంలాంటి దెబ్బలకి, మరుగుదొడ్ల రిపేర్లకి.

క్యాను ఈసారి 5 రూపాయలు. దీనికి డోనర్ల నుంచి బాగా తిట్లు పడ్డాయి, "మేం దానం చేస్తే మీరు పేదలకి అమ్ముకుంటారా" అని. వాళ్ళకి మొదటి ప్లాంటు లెక్క మొత్తం పంపించా, పైన రాసిందే. 2 రూపాయల నీళ్ళు పదిహేను నెలలొచ్చి ఆగిపోతే ఆ తర్వాత అదే పేదవాళ్ళు 15 పెట్టి కొన్నారు. 110 క్యాన్లకి రోజుకి 550, నెలకి 16,500, ఖర్చులు పోను దాదాపు ఆరు వేలు మెంబ్రేన్ ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాకి పేరే అది, పాసుబుక్కు మీద స్కెచ్ పెన్నుతో "మెంబ్రేన్" అని రాసుకున్నారు కమిటీ వాళ్ళు. మొదటి జత మెంబ్రేన్లు ఆ డబ్బుతోనే మార్చారు, మమ్మల్ని అడగలేదు కూడా, మార్చాక ఫోన్ చేశారు.

ప్రతి నెలా ఒక మెసేజ్

డోనర్లకి ఫోటో పంపం, నెలకొక మెసేజ్ పంపుతాం. ఇలా ఉంటుంది:

"ఫిబ్రవరి. అమ్మిన క్యాన్లు 3,140. ఫ్రీ క్యాన్లు 168. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ 3.6, ప్లాంటు నీళ్ళలో 0.4. కరెంటు 2,960. మెంబ్రేన్ ఖాతాలో వేసింది 5,500. బడి దొడ్లలో ఒకదానికి తలుపు గొళ్ళెం ఊడింది, వేయించాం. ప్లాంటు ఆగిన రోజులు 0."

చివరి లైన్ ముఖ్యం. ఒక మే నెలలో బోరు మోటారు కాలిపోయి తొమ్మిది రోజులు ఆగింది, మా వాళ్ళు కొందరు ఆ లైన్ తీసేద్దామన్నారు. ఉంచాం, 9 అనే రాశాం, ఎందుకు ఆగిందో రాశాం. ఎవరూ ఆటోపే ఆపలేదు. మొదట రిప్లై ఇచ్చింది బెంగళూరులో ఉన్న బేల్దారి ఒకతను, "అన్నీ రాయండి మేడం, మా అమ్మ తాగే నీళ్ళు అవి" అని. మొదటిసారి మేం పోగొట్టుకున్న నమ్మకం ఈ ఒక్క అంకెతో చాలావరకు వెనక్కొచ్చిందని నా అభిప్రాయం.

దొడ్ల సంగతి

మరుగుదొడ్లకి ఫండ్స్ అడగడం నీళ్ళకంటే పది రెట్లు కష్టం, ఎవరూ మాట్లాడటానికే ఇష్టపడరు. పైగా స్వచ్ఛ భారత్‌లో 12,000 ఇచ్చి కట్టించేశారుగా అంటారు. కట్టారు, నిజమే. ఈ ఊళ్ళో మేం చూస్తే చాలా దొడ్లలో కట్టెలు, మేకపిల్లలు. నీళ్ళు మోసుకొచ్చి పోసే ఓపిక ఎవరికి ఉంటుంది. ఇంకోటి, రెండు గుంతల దొడ్డి అంటే ఒక గుంత నిండేదాకా రెండోది మూసి ఉంచాలి, నిండాక ఛాంబర్ (రెండు గుంతలకీ పైపులు చీలే చోటు) దగ్గర అటు మళ్ళించి మొదటిదాన్ని కనీసం ఏడాదిన్నర రెండేళ్ళు వదిలేయాలి. ఇక్కడ మేస్త్రీలు రెండు పైపులూ తెరిచే వదిలేశారు, రెండు గుంతలూ కలిసి నిండుతున్నాయి. మూత లేపి ఒక పైపుకి అడ్డం ఇటుక పెట్టి మట్టితో మెత్తడం, అంతే రిపేరు. అరవై ఇళ్ళలో చేశాం. దీనికి ఏ కంపెనీ లోగో పెడుతుంది చెప్పండి, మా 200 రూపాయల వాళ్ళే పెట్టారు.

మూసి ఉంచిన గుంత రెండేళ్ళకి తెరిస్తే ఎరువు అవుతుందంటే ఎవరూ నమ్మలేదు. 2017 ఫిబ్రవరిలో గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గుంతలోకి దిగి చేత్తో ఆ ఎరువు తీసిన వీడియో చూపించాం. "ఆయన దిగాడు, మనూళ్ళో ఎవరు దిగతారు" అన్నారు. కాలనీ వాళ్ళని దింపే ఆలోచన ఎవరికీ రాకూడదని కమిటీలో ముందే తీర్మానం రాసుకున్నాం. మొన్న మొదటి గుంత తెరిచినప్పుడు ఆ ఇంటాయనే దిగాడు, పార పెట్టి లేపితే పొడిగా, వాడేసిన టీ పొడిలా ఉంది, వాసన లేదు. కమిటీలో పెద్దామె ఒకావిడ అరచేతిలోకి తీసుకుని నలిపి చూసి, కరేపాకు చెట్టుకి వేస్తానని రెండు తట్టలు అడిగి తీసుకెళ్ళింది.

బడి సంగతి వేరు. ఆడపిల్లల దొడ్లకి తాళం ఉండేది, నీళ్ళు లేక. హెచ్చెం గారు కూడా ఏం చేస్తారు. ప్లాంటు బడి గోడ పక్కకి మార్చడం వల్ల ఒక మంచి జరిగింది. ఆర్వోలో దాదాపు లోపలికి పోయినంతలో సగం వేస్టు నీళ్ళుగా బయటికి పోతాయి, మొదటి ప్లాంటులో అవి రోడ్డు మీద పారి బురద అయ్యేది. ఇప్పుడు ఆ నీళ్ళు గోడ మీదుగా పైపులో బడి దొడ్ల మీదున్న ట్యాంకులోకి వెళ్తాయి. ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువుండే నీళ్ళు కాబట్టి తాగడానికి, గొడ్లకి పెట్టడానికి పనికిరావు, దొడ్లు కడగడానికి హాయిగా సరిపోతాయి. కొళాయిలకి ఎర్ర పెయింట్ వేసి "తాగరాదు" అని రాయించాం. ఉప్పు పేరుకుని కొళాయిలు ఆరు నెలలకోసారి మార్చాల్సి వస్తోంది, ఆ ఖర్చు ముందే బడ్జెట్లో పెట్టుకోండి. తాళాలు తీశారు. నెలసరి రోజుల్లో బడి మానే పిల్లలు తగ్గారని టీచర్లు చెబుతున్నారు, మేం లెక్క కట్టలేదు కాబట్టి అంకె రాయను.

ఇప్పుడు ఉన్న పరిస్థితి

బోరు నీళ్ళు వేసవిలో తగ్గుతున్నాయి, పోయిన ఏప్రిల్లో ఇంటికి రోజుకి ఒకటే క్యాను అని కమిటీ పరిమితి పెట్టింది, గొడవైంది, నిలబడ్డారు. పైపుల్లో పైనుంచి నది నీళ్ళు వచ్చే రోజు వస్తే ఈ ప్లాంటు అక్కర్లేదు, ఆ రోజు సంతోషంగా ఆపేద్దాం అని కమిటీ రిజిస్టర్లోనే రాసుకున్నాం, అప్పటికి ఖాతాలో మిగిలిన డబ్బు కొళాయి నీళ్ళ టెస్టులకి, ట్యాంకులో క్లోరిన్ చూసుకోడానికి వాడాలని కూడా.

ఆటోపే వాళ్ళలో మొదటి మూడేళ్ళు అయిపోయినవాళ్ళకి ఈ నెల ఫోన్లు చేస్తున్నాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఒంగోల్లో నర్సింగ్ చదువుతోంది. వాళ్ళమ్మ కమిటీలో ఉంది, నీళ్ళ టెస్టు ఆవిడే చేస్తుంది, సీసా వెలుతురుకి ఎత్తి రంగు చూసి బోర్డు మీద సుద్దముక్కతో అంకె రాస్తుంది. పోయిన వారం 0.7 వచ్చింది, మామూలు కంటే ఎక్కువ. రెండోసారి చేసి చూసింది, మళ్ళీ 0.7. ల్యాబుకి సీసా పంపాం, మెంబ్రేన్ ఖాతాలో ఎంతుందో పాసుబుక్కు తీసి చూసుకుంది.